కాగితం ఇచ్చేంత నలుపు

ఫోన్‌లో కళకళలాడిన నలుపు తెలుపు ఫోటో ప్రింటు తీయించి చేతిలోకి తీసుకునేసరికి చచ్చుబడి కనిపించడం చాలామందికి ఎదురయ్యేదే. జుట్టులోని పాయలన్నీ ఒక్క నల్లటి ముద్దగా కలిసిపోతాయి. తెల్లచీర మడతలు ఆనవు. ముఖం మీద పలచగా బూడిద పూసినట్టుంటుంది. కొన్నిసార్లు దానికి ఆకుపచ్చ జీరో ఊదా జీరో తోడవుతుంది. తప్పు ప్రింటరుదని కొందరంటారు, కాగితానిదని కొందరు, ల్యాబువాళ్ళదని మరికొందరు. ఖరీదైన ప్రింటరు, ఖరీదైన కాగితం తెచ్చాక కూడా ఫలితం అంతంతమాత్రంగానే ఉంటే డిజిటల్ అంటే ఇంతేనని సరిపెట్టుకుంటారు. నా వాదన వేరు. నలుపు తెలుపు ప్రింటు నాణ్యతలో సింహభాగం యంత్రం చేతిలో లేదు. కాగితం మన కంటికి తిప్పి పంపగలిగే వెలుగుకు ఒక పరిధి ఉంది. ఆ పరిధి తెర పరిధి కంటే చాలా చిన్నది. ఉన్న ఆ కాస్తలో ఏ ఛాయకు ఎంత చోటివ్వాలో ఎవరో ఒకరు తేల్చాలి. మనం తేల్చకపోతే సాఫ్ట్‌వేరు తేల్చేస్తుంది. ఫోటోలో ఉన్నది అమ్మమ్మ ముఖమో గోడ మీది నీడో దానికి తెలియదు.

ముందు ఆ పరిధి ఎంతో లెక్క చూద్దాం. మంచి ఫోటో కాగితం తన మీద పడిన వెలుగులో దాదాపు 90 శాతాన్ని తిప్పి పంపుతుంది. మనకు దొరికే అత్యంత తెలుపు అదే, అంతకు మించి లేదు. నలుపు సంగతికొస్తే, మెరుపు లేని మాట్ కాగితం మీద ఎంత ఇంకు పోసినా అది సుమారు 2 శాతం వెలుగును తిప్పి పంపుతూనే ఉంటుంది. గ్లాసీ కాగితమైతే అర శాతం దాకా దిగుతుంది. దీన్నే ఫోటో పనివాళ్ళు సాంద్రత అనే కొలతలో చెబుతారు. వెలుగు పదోవంతు తిరిగివస్తే సాంద్రత 1, నూరోవంతు వస్తే 2. ఈ లెక్కన మాట్ కాగితం నలుపు 1.6, 1.7 దగ్గర ఆగుతుంది, మంచి గ్లాసీ నలుపు 2.3 దాటుతుంది. అంటే మాట్ కాగితం మీద తెలుపుకూ నలుపుకూ మధ్య తేడా నలభై రెట్లు, గ్లాసీ మీద నూట ఎనభై రెట్లు. ఒక మామూలు ఎల్‌సీడీ తెర మీద అదే తేడా వెయ్యి రెట్లు ఉంటుంది, కొత్త ఓలెడ్ ఫోన్ల మీద ఇంకా చాలా ఎక్కువ. వెయ్యి మెట్లున్న మేడను నలభై మెట్లలోకి దించాలి. ఏవో మెట్లు పోక తప్పదు. ఏవి పోవాలన్నదే అసలు ప్రశ్న.

మాట్ కాగితం నలుపు ఎందుకంత నీరసంగా ఉంటుందో తెలుసుకుంటే ఎన్నో అనవసరపు ఖర్చులు తప్పుతాయి. గాలిలోంచి గాజులాంటి వస్తువు మీద వెలుగు నిటారుగా పడితే, లోపలికి వెళ్ళకుండానే సుమారు 4 శాతం పైపొర నుంచే వెనక్కి తిరుగుతుంది. ఇంకు ఎంత నల్లగా ఉన్నా ఈ వెలుగును అది ఆపలేదు, ఎందుకంటే ఈ వెలుగు ఇంకు దాకా వెళ్ళనే లేదు. గ్లాసీ కాగితం నున్నగా ఉంటుంది కాబట్టి ఆ 4 శాతం అంతా అద్దం మీది ప్రతిబింబంలా ఒకే దిక్కుకు పోతుంది. ప్రింటును కాస్త వంచి పట్టుకుంటే అది మన కంట్లో పడదు, అడుగున ఉన్న నలుపు చిక్కగా కనిపిస్తుంది. మాట్ కాగితం పైభాగం గరుకు. ఆ వెలుగు అన్ని దిక్కులకూ చెదిరి, నలుపు మీద పలచటి తెర కప్పినట్టవుతుంది. ప్రింటును ఏ కోణంలో పట్టుకున్నా ఆ తెర వీడదు. కాబట్టి మాట్ కాగితం మీద నలుపు చాల్లేదని ప్రింటరు సెట్టింగుల్లో ఇంకు పెంచుకుంటూ పోవడం దండగ. ఒక హద్దు దాటాక ఇంకు పెరిగినకొద్దీ నలుపు పెరగదు. పైగా కాగితం ఉబ్బి, నల్లటి చోట్ల మచ్చలు తేలతాయి. మరో సంగతి, మాట్ ప్రింటును గాజు ఫ్రేములో బిగించి గోడకు తగిలిస్తే గాజుకు ఉన్న రెండు వైపులూ కలిసి 8 శాతం దాకా వెలుగును విడిగా తిప్పికొడతాయి. ఎదురుగా కిటికీ ఉందంటే ఆ ప్రింటు మీద పడ్డ శ్రమంతా ఆ ప్రతిబింబంలో మునిగిపోతుంది.

ప్రింటు నల్లగా వచ్చిందనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు కాగితంలో కాక గదిలో ఉంటుంది. ఫోన్ తెర తెల్లటి భాగం చదరపు మీటరుకు 400 నుంచి 500 క్యాండెలాల ప్రకాశాన్ని తేలిగ్గా ఇస్తుంది. కాగితానికి సొంత వెలుగు లేదు, గది ఇచ్చిందే దాని వెలుగు. సాయంత్రం మన ఇళ్ళలో ట్యూబులైటు వెలుగు గోడ మీదికి చేరేసరికి వందా నూటయాభై లక్స్ మధ్య ఉండటం మామూలే. 150 లక్స్ పడే చోట 90 శాతం తిప్పి పంపే కాగితం ఇచ్చే ప్రకాశం 43 క్యాండెలాలు. తెరకు పదోవంతు! ఈ లెక్క చూశాక ల్యాబువాడిని తిట్టబుద్ధి కాదు. ప్రింట్లను పోల్చి చూడటానికి ఐఎస్ఓ 3664 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అది బేరీజు వేసే చోట 2000 లక్స్, మామూలుగా చూసే చోట 500 లక్స్ ఉండాలంటుంది. 500 లక్స్ దగ్గర కాగితం 140 క్యాండెలాలకు పైగా ఇస్తుంది. అందుకే ఫోటోను సరిచేసే తెరను 80 నుంచి 120 క్యాండెలాలకు దించి పనిచేయడం ప్రింటు తీసేవాళ్ళ ఆనవాయితీ. తెర ప్రకాశాన్ని కొలిచే పరికరం లేకపోతే ఒక చిన్న ఉపాయముంది. తెర మీద ఖాళీ తెల్లపేజీ తెరిచి, పక్కన తెల్లకాగితాన్ని ప్రింటు వేలాడబోయే వెలుగులో పట్టుకుని, రెండూ సమానంగా కనిపించేదాకా తెర వెలుగు తగ్గించండి. పైసా ఖర్చు లేకుండా ప్రింటు నాణ్యతను పెంచే మొదటి పని ఇది. ఇది చేయకుండా మిగతావి ఎన్ని చేసినా చీకట్లో బాణం వేసినట్టే.

ఇప్పుడు అసలు పంపకానికి వద్దాం. మన కన్ను వెలుగును తూకం వేసినట్టు కొలవదు. తెలుపులో ఐదోవంతు కంటే తక్కువ, అంటే 18 శాతం వెలుగును తిప్పి పంపే బూడిదరంగు మనకు నలుపుకూ తెలుపుకూ సరిగ్గా మధ్యలో ఉన్నట్టు కనిపిస్తుంది. 1976లో అంతర్జాతీయ వెలుగు సంఘం సీఐఈ ఖాయం చేసిన కొలబద్దలో నలుపు సున్నా, తెలుపు 100 అనుకుంటే ఈ 18 శాతం బూడిద 50 దగ్గర నిలుస్తుంది. అదే కొలబద్ద మీద గ్లాసీ నలుపు సుమారు 5 దగ్గర, మాట్ నలుపు 16, 17 దగ్గర ఉంటాయి. అంటే మాట్ కాగితం మీద అడుగునున్న పదహారు మెట్లు అసలు లేవు. తెర మీద ఆ పదహారు మెట్లలో జుట్టు పాయలు, నల్లకోటు కుట్లు, తలుపు వెనక చీకటి అన్నీ విడివిడిగా కనిపించాయి. వాటిని పైకి జరపకుండా అలాగే ముద్రిస్తే అన్నీ ఒకే నలుపులో కూరుకుపోతాయి. కాలువ నీళ్ళు తక్కువైన ఏడాది ఎగువ పొలాలు తడిసిపోయి చివరి ఆయకట్టు ఎండిపోయినట్టు, పంపకం పట్టించుకోని ప్రింటులో వెలుగు చోట్లకు కావలసినన్ని ఛాయలు అందుతాయి, నీడలకు ఏమీ మిగలదు. నీడల్ని కాస్త పైకెత్తాలి, ఎత్తిన మేరకు మరెక్కడో కుదించాలి. ఆ కుదింపు ముఖం మీద పడకూడదు. ఏ వివరమూ లేని ఆకాశం మీదా, గోడ మీదా పడాలి. ఫోటోషాప్‌లోనైనా ఉచితంగా దొరికే గింప్‌లోనైనా కర్వ్స్ అనే సాధనంతో చేసే పనంతా ఇదే. అందులోని గీత నిటారుగా ఉన్న చోట ఛాయలు విడిపోతాయి, పడుకున్న చోట కలిసిపోతాయి. ఫోటోలో ప్రాణం ఎక్కడుందో చూసి అక్కడ గీతను నిలబెట్టడమే నేర్పు.

కన్ను ఒక్కొక్క ఛాయను విడిగా చూడదు, పక్కనున్నదానితో పోల్చి చూస్తుందన్నది ఈ పంపకానికి ఆసరా. నిజమైన నలుపు తక్కువైనా, పక్కపక్కనే ఉన్న ఛాయల మధ్య తేడా చక్కగా ఉంటే ప్రింటు చిక్కగా, లోతుగా అనిపిస్తుంది. ఆ తేడా చచ్చిపోతే ఎంత నల్లటి నలుపున్నా చదునుగానే ఉంటుంది. దీనికి ఫోటోగ్రఫీ చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది. అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీశాడు. ఆ ఒక్క నెగెటివ్ నుంచి దశాబ్దాల పాటు ప్రింట్లు తీస్తూనే ఉన్నాడు. తొలి ప్రింట్లలో ఆకాశం బూడిదరంగులో మబ్బుచారలతో ఉంటుంది. తర్వాతి ప్రింట్లలో దాదాపు నల్లగా మారి, చంద్రుడూ సమాధుల మీది శిలువలూ కొట్టొచ్చినట్టు నిలుస్తాయి. 1948లో ఆ నెగెటివ్ కింది భాగాన్ని రసాయనంతో చిక్కబరిచాడు కూడా. కెమెరా మారలేదు, నెగెటివ్ అదే. మారింది ఛాయల పంపకం ఒక్కటే, దాంతో చిత్రమే మారిపోయింది. కెమెరాకు లక్షలు పెట్టి ప్రింటుకు పది నిమిషాలు కేటాయించని వాళ్ళు ఈ చిత్రం తొలి ప్రింటునూ చివరి ప్రింటునూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇలా దిద్దడం ఫోటో నిజాన్ని మార్చడం కాదా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక మనిషిని తీసేయడం, లేని మేఘాన్ని అతికించడం నిజాన్ని మార్చడమే, అందులో అనుమానం లేదు. కానీ లోకం రంగుల్లో ఉంది. దాన్ని నలుపు తెలుపుల్లోకి దించిన క్షణమే ఒక నిర్ణయం జరిగిపోయింది. ఎరుపు ఎంత నల్లగా కనిపించాలి, ఆకుపచ్చ ఎంత తెల్లగా ఉండాలి అన్నది ప్రకృతి చెప్పదు. తొలి నాళ్ళ ఫోటో ప్లేట్లకు నీలికాంతి తప్ప దాదాపు ఏదీ తెలియదు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ 1873లో, రంగు పదార్థాలు కలిపితే ప్లేటుకు ఆకుపచ్చ కూడా కనిపిస్తుందని కనిపెట్టాడు. అన్ని రంగులనూ పట్టే ప్లేట్లు అంగట్లోకి వచ్చింది 1906లో. రాజా దీన్ దయాళ్ హైదరాబాదులో నిజాం కొలువులో ఫోటోలు తీసిన కాలం దానికి ముందుది. ఆ తరం ఫోటోల్లో నీలాకాశం తెల్లకాగితంలా ఉండటానికీ, ఎర్రటి బట్టలు నల్లగా తేలడానికీ కారణం ఆ ప్లేట్ల చూపే. వాటిని అబద్ధపు ఫోటోలని ఎవరూ అనలేదు.

ఇవాళ ఆ నిర్ణయాన్ని సాఫ్ట్‌వేరు ఒక్క నొక్కుతో తీసుకుంటుంది. చాలా చోట్ల వాడే సూత్రం 1953 నాటి అమెరికా కలర్ టీవీ ప్రమాణం నుంచి వచ్చింది: ఎరుపు 30 పాళ్ళు, ఆకుపచ్చ 59 పాళ్ళు, నీలం 11 పాళ్ళు కలిపి బూడిదరంగు చేయడం. నలుపు తెలుపు టీవీలో కలర్ ప్రసారం బాగా కనబడటానికి పెట్టుకున్న లెక్క అది. ఒక మందార పువ్వును తీసుకుందాం. దాని రేకలో ఎరుపు 200, ఆకుపచ్చ 30, నీలం 40 ఉన్నాయనుకోండి. పక్కన ఆకులో ఎరుపు 60, ఆకుపచ్చ 100, నీలం 45. సూత్రం ప్రకారం లెక్క కట్టి చూడండి, రెండూ 82 దగ్గరే తేలతాయి. చెట్టు మీద అల్లంత దూరం నుంచి కంటిని లాగిన పువ్వు ప్రింటులో ఆకుల్లో కలిసి మాయమైపోతుంది. అదే ఎరుపు పాళ్ళు పెంచి ఆకుపచ్చ తగ్గిస్తే పువ్వు వెలుగుతుంది, ఆకులు నీడలోకి జారుకుంటాయి. ఇక్కడ నిజానికి దగ్గరగా ఉన్నది ఏది? పువ్వు కనబడని ప్రింటు మాత్రం కాదు. అందుకే కెమెరాలోనే నలుపు తెలుపు మోడ్ పెట్టి జేపెగ్ తీసుకోవడం కంటే, రంగుల్లో తీసి తర్వాత ఛానెల్ మిక్సర్‌తో మార్చుకోవడం మేలు. రంగు సమాచారం చేతిలో ఉన్నంతసేపూ నిర్ణయం మనదే.

ముఖాల దగ్గర ఈ నిర్ణయానికి మరింత బరువుంది. చామనఛాయ, నలుపు ఒళ్ళు ఎరుపు కాంతిని ఎక్కువగా, నీలికాంతిని చాలా తక్కువగా తిప్పి పంపుతాయి. కాబట్టి ఎరుపు పాళ్ళు ఎక్కువైతే ముఖం తేటగా, నున్నగా వస్తుంది. మొటిమలూ మచ్చలూ మరుగున పడతాయి, వాటితో పాటు చర్మపు స్వభావమూ కొంత పోతుంది. నీలం పాళ్ళు ఎక్కువైతే ప్రతి ముడతా ప్రతి మచ్చా పైకి తేలి, ఛాయ ముదురుతుంది. ఎండలో వాడిన రైతు ముఖానికీ, పదేళ్ళ పిల్ల ముఖానికీ ఒకే మిశ్రమం పనికిరాదు. మన స్టూడియోల్లో ముఖాన్ని తెల్లబరచడం ఒక మర్యాదలా సాగుతూ వచ్చింది. నేను దాన్ని గట్టిగా తప్పుపడతాను, అందుకు ఆత్మగౌరవం ఒక కారణమైతే సాంకేతికం రెండోది. చామనఛాయ ముఖం ఛాయల మెట్ల మధ్యభాగంలో ఉంటుంది. కాగితం తన సత్తా అంతా చూపగలిగేది అక్కడే. దాన్ని లాక్కెళ్ళి తెలుపు అంచున నిలబెడితే చెంప ఎముక మీది వెలుగూ, కంటి కింది నీడా, పెదవి వంపూ దగ్గరదగ్గరి రెండు మూడు తెలుపుల్లో ఇరుక్కుని ముఖం గచ్చు పూసిన గోడలా అయిపోతుంది. నల్లటి ముఖం మీద వెలుగు పడిన చోట మెరుపుకూ చుట్టూ ఉన్న ఛాయకూ మధ్య ఎంతో ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని కాపాడితే ఆ ముఖం ప్రింటులో అద్భుతంగా నిలుస్తుంది.

ఇంత సాగదీతా కుదింపూ తట్టుకోవాలంటే ఫైలులో సరుకుండాలి. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కో ఛానెల్‌కు 256 మెట్లే. రంగుల ఫోటోలో అవి చాలినట్టుంటాయి, మూడు ఛానెళ్ళ తేడాలు ఒకదాన్నొకటి కప్పుకుంటాయి కాబట్టి. నలుపు తెలుపులో ఆ చాటు లేదు. సంధ్యాకాశం లాంటి చోట కర్వ్‌ను లాగితే మెట్లు విడిపోయి చారలు చారలుగా కనబడతాయి. కెమెరా రా ఫైలు తరచు 14 బిట్లది, అందులో 16,384 మెట్లుంటాయి. అయితే వాటిలో సగం, అంటే 8,192 మెట్లు, అన్నిటికంటే వెలుగైన ఒక్క స్టాపుకే (వెలుగు రెట్టింపయ్యే ఒక అంచెకే) పోతాయి. దాని కింది స్టాపుకు 4,096, ఆపై 2,048, ఇలా సగం సగం తగ్గుతూ ఆరో స్టాపుకు 256 మిగులుతాయి. నీడలు ఎందుకంత పేదవో దీన్నిబట్టే తెలుస్తుంది. తెల్లటి చోట్లు తెగిపోనంత మేరకు ఎక్కువ వెలుగుతో తీసి, 16 బిట్లలో దిద్దుకుని, ఆఖరున ప్రింటుకు పంపడం అందుకే మంచి పద్ధతి.

ప్రింటరు వైపు చూస్తే మరో కథ మొదలవుతుంది. ఇంక్‌జెట్ ప్రింటరుకు బూడిదరంగు తెలియదు. చుక్క పెట్టడం, పెట్టకపోవడం, కాస్త పెద్దదో చిన్నదో పెట్టడం, ఆ మాత్రమే తెలుసు. మధ్య ఛాయల్ని చుక్కల చిక్కదనంతో భ్రమింపజేయాలి. ఆ చుక్కల్ని ఎక్కడ పెట్టాలన్న సమస్య మీద బ్రైస్ బేయర్ అనే పరిశోధకుడు 1973లో ఒక పద్ధతి చెప్పాడు. ఇవాళ్టి కెమెరాల్లో సెన్సర్ మీద ఉండే రంగుల గడుల అమరిక పేటెంటు కూడా 1976లో ఆయనకే వచ్చింది. ఫోటో లోపలికి వచ్చే దారిలోనూ బయటికి వెళ్ళే దారిలోనూ ఒకే మనిషి కృషి ఉండటం చిత్రమైన విషయం. అదే 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు, ఒక చుక్క దగ్గర జరిగిన పొరపాటును పక్కచుక్కలకు పంచే ఉపాయం ప్రచురించారు. చుక్కలు వరసలు కట్టకుండా, గుంపులు కాకుండా చెదిరి ఉంటే కన్ను వాటిని పట్టుకోలేదని రాబర్ట్ ఉలిక్‌నీ 1987లో పుస్తకంగా వివరించాడు. ఒక పికోలీటరు ఇంకుబొట్టు వ్యాసం 12 మైక్రాన్లు. పాతిక సెంటీమీటర్ల దూరంలో మంచి కన్ను విడదీయగలిగేది సుమారు 70 మైక్రాన్లు. ఈ లెక్కన ఒక్కో చుక్కా కనబడకూడదు. కానీ తెల్లటి చోట నల్లచుక్కలు అక్కడొకటి ఇక్కడొకటి పడితే, ఒక్కొక్కటీ కనబడకపోయినా, చెంప మీద ఇసుక చల్లినట్టు గరుకు తేలుతుంది.

దీనికి పరిష్కారం ఇంకునే పలచన చేయడం. నల్లటి చుక్క ఒకటి పెట్టే చోట లేత బూడిద చుక్కలు ఐదారు పెడితే గరుకు పోతుంది. ఎప్సన్ 2005లో తెచ్చిన కే3 ఇంకుల్లో నలుపుతో పాటు రెండు లేత నలుపులుంటాయి. పియెజోగ్రఫీ పేరిట కొందరు రంగు ఇంకులన్నీ తీసేసి ఏడు బూడిద ఇంకులతో ముద్రిస్తారు. లేత నలుపులతో మరో మేలుంది. అవి లేని ప్రింటరు నీలి, గులాబీ, పసుపు ఇంకుల్ని కలిపి బూడిదరంగు కూర్చుకోవాలి. మూటిలో ఒక్కటి ఆవగింజంత తగ్గినా పెరిగినా బూడిదలో జీర పుడుతుంది, కన్ను రంగుల ఫోటోలో క్షమించే తేడాను బూడిదలో క్షమించదు. పైగా అలా కూర్చిన బూడిద వెలుగును బట్టి వేషం మారుస్తుంది. పగటి వెలుగులో ఆకుపచ్చ జీరగా ఉన్న ప్రింటే ఫిలమెంట్ బల్బు కింద గులాబీ జీరగా కనిపించిన సందర్భాలు తొలితరం పిగ్మెంట్ ప్రింటర్లలో చాలా ఉన్నాయి. మన ఊళ్ళ కలర్ ల్యాబుల్లో రసాయనాలతో కడిగే కాగితానికీ ఇదే చిక్కు. అందులో నలుపు అనే పొరే లేదు, మూడు రంగుల పొరలు కలిసి నల్లగా కనిపించాలి. అందుకని అక్కడ తీయించే నలుపు తెలుపు ఫోటోకు కాస్త వెచ్చటి గోధుమ ఛాయను మనమే కావాలని పెట్టుకోవడం తెలివైన పని. కోరి పెట్టుకున్న ఛాయ అందంగా ఉంటుంది, అనుకోకుండా వచ్చిన జీర మురికిగా ఉంటుంది.

ఇదంతా ప్రింటరు గొప్పతనం గురించే కదా, యంత్రం చేతిలో లేదన్న మాట ఏమైంది అని అడగవచ్చు. లేత నలుపులున్న యంత్రం నిజంగానే మేలు చేస్తుంది. అయితే అది ఇచ్చేది గరుకు లేని, జీర లేని ఛాయల్ని. వాటిని ఎక్కడ పెట్టాలో చెప్పేది ఇంకా మనమే. పైగా కాగితం మన మాట సగమే వింటుంది. 50 శాతం చుక్కలు పెట్టమంటే కాగితం మీద అది 60కి పైగా ముదురు కనిపించవచ్చు. ఇంకు పీచులోకి పాకడం ఒక కారణం. రెండోది 1951లో యూల్, నీల్సన్ అనే ఇద్దరు లెక్క కట్టి చూపిన సంగతి: చుక్కల మధ్య తెల్లటి చోట లోపలికి దూరిన వెలుగు కాగితంలో అటూ ఇటూ చెదిరి, చుక్క కిందికి పోయి అక్కడే చిక్కుకుంటుంది. ఇంకు లేని చోటు కూడా అలా కొంత నల్లబడుతుంది. ఈ ముదురు ఎంతన్నది కాగితాన్ని బట్టి, ఇంకును బట్టి మారుతుంది, కొలవాల్సిందే. కొలవడం కష్టం కాదు. సున్నా నుంచి 100 దాకా ఐదేసి శాతం పెంచుతూ 21 గళ్ళున్న పట్టీ ఒకటి తయారుచేసి, వాడబోయే కాగితం మీదే ముద్రించండి. ఒక పగలు ఆరనివ్వండి, తడి ఇంకు చెప్పే మాట నమ్మదగింది కాదు. తర్వాత కిటికీ పక్కన పెట్టి గళ్ళ మధ్య గీతలు ఎక్కడిదాకా కనబడుతున్నాయో చూడండి. మాట్ కాగితం మీద తరచు 90 దాటాక గళ్ళన్నీ ఒకే నలుపుగా కలిసిపోతాయి. అటు తెలుపు చివర సున్నాకూ ఐదుకూ తేడా తెలియకపోవచ్చు. అంటే మీ ఫోటోలో ముఖ్యమైన నీడ వివరం ఏదైనా 90కి ఇవతలే ఉండాలి. ఆ ఒక్క పట్టీ ఆ కాగితం గుట్టంతా విప్పుతుంది. ఖరీదైన ప్రొఫైలింగ్ పరికరాలు చేసేది కూడా ఇదే పనిని, మరింత నిశితంగా.

మెగాపిక్సెళ్ళ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 12 అంగుళాలకు 18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 240 పిక్సెళ్ళ చొప్పున 12 మెగాపిక్సెళ్ళు చాలు, 300 చొప్పునైతే 19. పదేళ్ళ కిందటి కెమెరాలు కూడా ఇది దాటాయి. గోడకు తగిలించే ప్రింటు మీద తేడా తెచ్చేది ఆఖరి పదును. ఇంకు పాకడం వల్ల అంచులు మెత్తబడతాయి కాబట్టి, ప్రింటు కొలతకు ఫైలును కుదించాక, తెర మీద కాస్త ఎక్కువనిపించేంత పదును పెట్టాలి. మాట్‌కు ఇంకొంచెం ఎక్కువ, ముఖాలకు కొంచెం తక్కువ.

డార్క్‌రూమ్ ప్రింటును డిజిటల్ ఎన్నటికీ అందుకోలేదనే వాదన ఇంకా వినిపిస్తుంది. వెండి లవణాల గ్లాసీ ప్రింటు నలుపు సాంద్రత 2.1, 2.2 ప్రాంతంలో ఉంటుంది. ఇవాళ్టి పిగ్మెంట్ ఇంకు మంచి బరైటా కాగితం మీద దాన్ని దాటుతుంది. కాబట్టి కొలతల్లో వెనకబాటు లేదు. డార్క్‌రూమ్ పనివాళ్ళ ప్రింట్లు ఎందుకంత బాగుండేవంటే, ప్రతి ప్రింటుకూ వాళ్ళు ముందు చిన్న ముక్క మీద పరీక్ష చేసి, ఆరబెట్టి, వెలుగులోకి తెచ్చి చూసి, ఇక్కడ వెలుగును కొంచెం ఆపి అక్కడ కొంచెం ఎక్కువ ఇచ్చి మళ్ళీ తీసేవాళ్ళు. ఆ ఓపిక డిజిటల్‌కు నిషిద్ధమేమీ కాదు. మనకు ఒక్క నొక్కుతో వచ్చేస్తుంది కాబట్టి ఆ అలవాటు పోయింది, అంతే. ఏ4 కాగితం మీద ముఖం ఉన్న ముక్కనే నాలుగు రకాలుగా దిద్ది పక్కపక్కన ముద్రించి, మర్నాడు చూసి, అందులో ఒకటి ఎంచుకునే వాళ్ళ ప్రింట్లు ఇవాళ కూడా డార్క్‌రూమ్ ప్రింట్లతో సాటిగా నిలబడతాయి.

నాణ్యతలో మన్నిక కూడా భాగమే. మరీ తెల్లగా, నీలిఛాయతో మెరిసే కాగితాల్లో వెలుగు పెంచే రసాయనాలుంటాయి. అవి కంటికి కనబడని అతినీలలోహిత కిరణాన్ని మింగి నీలికాంతిగా తిప్పి ఇస్తాయి. ఇంట్లో వాడే ఎల్ఈడీ బల్బుల్లో ఆ కిరణం దాదాపు ఉండదు కాబట్టి, దుకాణంలో మిరుమిట్లు గొలిపిన తెలుపు ఇంట్లో కాస్త పసుపుగా కనిపిస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రసాయనాల శక్తి తగ్గి, కాగితం నిజంగానే పసుపెక్కుతుంది. అవి కలపని పత్తిగుజ్జు కాగితం మొదటి రోజున అంత తెల్లగా ఉండకపోయినా చాలాకాలం అలాగే ఉంటుంది. ఇంకుల్లో డై ఇంకు వెలుగుకూ గాలిలోని ఓజోన్‌కూ త్వరగా వెలిసిపోతుంది, తేమకు అంచులు చిమ్ముతుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్ళ ఉక్కలో ఇది చిన్న విషయం కాదు. నలుపు పిగ్మెంటుకు మూలం కార్బన్, అంటే మసి. ఇంకుల్లో అంతకంటే స్థిరమైనది లేదు. తరాల పాటు ఉండాల్సిన ప్రింటుకు పిగ్మెంట్ ఇంకు, పత్తి కాగితం, ఎండ తగలని గోడ, ఫోటోకూ గాజుకూ మధ్య కాస్త ఎడం ఉండాలి. వీటిలో బేరమాడకండి.

చివరగా ఒక విన్నపం. చాలా ఇళ్ళలో తాతముత్తాతల నలుపు తెలుపు ఫోటో ఒకే ఒక్కటి మిగిలి ఉంటుంది. దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేయించకండి, గాజు మీది మెరుపూ జేపెగ్ 256 మెట్లూ ముఖంలోని ఛాయల్ని అక్కడే మింగేస్తాయి. ఫ్రేములోంచి నెమ్మదిగా వస్తే తీయించండి. గాజుకు అతుక్కుని ఉంటే బలవంతంగా లాగకండి, తెలిసినవాళ్ళ చేతికే ఇవ్వండి. స్కాన్ చేసేవాళ్ళను కలర్ మోడ్‌లో, 16 బిట్లలో, అంగుళానికి కనీసం 600 పిక్సెళ్ళతో టిఫ్ ఫైలుగా అడిగి తీసుకోండి. పసుపెక్కిన మరక నీలం ఛానెల్‌లో నల్లగా పడి ఎరుపు ఛానెల్‌లో దాదాపు కనబడదు కాబట్టి, కలర్‌లో స్కాన్ చేస్తేనే ఆ మరకను వదిలించుకునే దారి ఉంటుంది. ముఖాన్ని తెల్లబరచవద్దని ముందే చెప్పండి. పెద్ద ప్రింటుకు ముందు ముఖం వరకే ఒక చిన్న ముక్క తీయించి, అది తగిలించబోయే గోడ దగ్గర, ఆ ఇంటి వెలుగులోనే చూసి ఆ తర్వాత ఒప్పుకోండి.